21 ఓట్ల నియోజకవర్గం నుంచి తెలుగు సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ

మిల్టన్, హాల్టన్ హిల్స్, ఓక్‌విల్, మిస్సిసాగా, బ్రాంప్టన్‌లలోని తెలుగు సంఘాల అధ్యక్ష, కార్యదర్శులకు, ట్రస్టీలకు, కార్యవర్గ సభ్యులకు, గుడి కమిటీల పెద్దలకు నమస్కారాలు.

2025 ఏప్రిల్ 28న జరిగిన కెనడా ఫెడరల్ ఎన్నికలో మన మిల్టన్ ఈస్ట్–హాల్టన్ హిల్స్ సౌత్ నియోజకవర్గం 21 ఓట్ల తేడాతో తేలింది. లిబరల్ అభ్యర్థి క్రిస్టినా టెస్సర్ డెర్క్‌సెన్‌కు 32,178 ఓట్లు, కన్సర్వేటివ్ అభ్యర్థి పర్మ్ గిల్‌కు 32,157 ఓట్లు వచ్చాయి. ఆమె అప్పటిదాకా మిల్టన్ పట్టణ కౌన్సిలర్. ఆయన ఒకప్పుడు బ్రాంప్టన్–స్ప్రింగ్‌డేల్ ఎంపీ, ఆ తర్వాత మిల్టన్ నుంచి ఒంటారియో శాసనసభ్యుడు. ఇద్దరిలో ఎవరు గెలవాల్సింది అన్నది ఈ లేఖలో విషయం కాదు. రెండు పార్టీలకు వేసినవాళ్లూ, ఆ రెండింటికీ వేయనివాళ్లూ కలిసి రాస్తున్న లేఖ ఇది. అడుగుతున్నది ఒక్కటే. ఎన్నికలొస్తే మన సంఘాలు చేసే పని మారాలి. అభ్యర్థికి శాలువా కప్పి మైకు ఇవ్వడం ఆపండి. సభ్యుడు వేసిన ఓటు లెక్కలోకి వచ్చేలా చూసే పని మొదలుపెట్టండి.

ఆ 21 ఎలా వచ్చిందో ముందు చూడండి. పోలింగ్ రాత్రి లెక్కల్లో గిల్ దాదాపు 300 ఓట్లు ముందున్నారు. టీవీల్లో ఆ రాత్రి కనిపించేవి బూత్‌ల నుంచి అందిన ప్రాథమిక అంకెలు మాత్రమే. ఆ తర్వాతి రోజుల్లో రిటర్నింగ్ ఆఫీసర్ ఒక్కో బూత్ నివేదికను తెరిచి, రాత్రి ఎక్కించిన అంకెతో సరిపోల్చి, కూడికలు మళ్లీ చూస్తారు. దీన్ని వాలిడేషన్ అంటారు. అది పూర్తయ్యేసరికి టెస్సర్ డెర్క్‌సెన్ 29 ఓట్లు ముందుకు వచ్చారు. మొదటి ఇద్దరి మధ్య తేడా చెల్లిన ఓట్లలో వెయ్యో వంతుకన్నా తక్కువ ఉంటే, ఎవరూ అడగకపోయినా జడ్జి ఆధ్వర్యంలో రీకౌంట్ జరిగి తీరాలన్నది చట్టం. ఇక్కడ అదే జరిగింది. రీకౌంట్‌లో తేడా 21కి దిగింది. మూడు దశల్లోనూ ఓటర్లు వాళ్లే, కాగితాలు అవే. కూడికలు సరిచూశాక, ఏ కాగితం చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది మళ్లీ చూశాక అంకెలు కదిలాయి. మన ఉగాది సభలో రెండు వరుసల కుర్చీల్లో కూర్చునేంతమంది ఒక ఎంపీని నిర్ణయించారు.

ఇది మన ఒక్క చోటి సంగతి కాదు. అదే ఎన్నికలో విండ్సర్–టెకమ్సే–లేక్‌షోర్‌లో తేడా 4 ఓట్లు. న్యూఫౌండ్‌లాండ్‌లోని టెర్రా నోవా–ది పెనిన్సులాస్‌లో 12. మాంట్రియల్ శివారైన టెర్‌బాన్‌లో రీకౌంట్ తర్వాత లిబరల్ అభ్యర్థి తాతియానా ఆగస్ట్‌కు 23,352, బ్లాక్ కెబెక్వా అభ్యర్థికి 23,351. ఒకే ఒక్క ఓటు. ఆ తర్వాత బయటపడిందేమంటే, పోస్టులో ఓటు పంపిన ఒక ఓటరు కవరు తిరిగి ఆ ఓటరు ఇంటికే వచ్చేసింది. స్థానిక ఎన్నికల కార్యాలయం ఇచ్చిన ఆ తిరుగు కవరు మీద పోస్టల్ కోడ్ తప్పు పడింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఓటరు తన వంతు అంతా సరిగ్గానే చేసినా కాగితం దారి తప్పితే ఏమవుతుందో అక్కడ దేశమంతా చూసింది. మరి ఓటరు వైపే పొరపాటుంటే కోర్టు కూడా ఏమీ చేయలేదు. మన సంఘాలు పట్టించుకోవాల్సింది ఆ రెండో రకం పొరపాట్లను. అవి మన ఇళ్లలో ఎక్కువగా జరగడానికి కారణాలున్నాయి.

మొదటిది, ఊళ్లో అలవాటు. ఆంధ్రాలో, తెలంగాణలో ఓటు అంటే గుర్తు. యంత్రం మీద బొమ్మ చూసి మీట నొక్కడం. ఇక్కడ గుర్తులుండవు. బూత్‌లో ఇచ్చే బ్యాలెట్ కాగితం మీద ఇంటిపేరు అక్షరక్రమంలో అభ్యర్థుల పేర్లు, వాటి కింద పార్టీ పేరు, పక్కన గుండ్రటి గడి ఉంటాయి. ఆ గడిలో టిక్కు పెట్టినా, ఇంటూ గుర్తు పెట్టినా చెల్లుతుంది. గడి బయట పెడితే, ఇద్దరికి పెడితే, ఓటరు ఎవరో తెలిసేలా సంతకమో పొట్టి అక్షరాలో రాస్తే ఆ కాగితం పోయినట్టే. చెయ్యి జారి తప్పు పెడితే కొట్టివేసి పక్కన ఇంకోటి పెట్టకూడదు. ఆ కాగితాన్ని సిబ్బందికి తిరిగి ఇచ్చి ఇంకొకటి అడగాలి, ఒక్కసారి ఇస్తారు. ఖాళీగా వేస్తే నోటా కాదు, చెల్లని ఓట్లలో కలుస్తుంది. పెన్సిల్ ఇస్తారు, అది నచ్చకపోతే సొంత పెన్ను వాడుకోవచ్చు. ఓటేసిన కాగితానికి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం మాత్రం చట్టానికి విరుద్ధం.

పోస్టులోనో స్థానిక కార్యాలయంలోనో వేసే ప్రత్యేక బ్యాలెట్ దగ్గర ఈ గుర్తు అలవాటు మరీ ఖరీదైపోతుంది. ఆ కాగితం మీద పేర్లేమీ అచ్చయి ఉండవు. ఖాళీ గీత ఉంటుంది. దాని మీద అభ్యర్థి పేరు, ఇంటిపేరు మన చేత్తో రాయాలి. పార్టీ పేరు ఒక్కటే రాస్తే ఆ ఓటు చెల్లదు. పార్టీ అధినేత పేరు రాసినా అంతే, ఆ నాయకుడు మన నియోజకవర్గంలో నిలబడి ఉంటే తప్ప. స్పెల్లింగులో ఒక అక్షరం తేడా పడినా ఎవరికి వేశారో స్పష్టంగా తెలిస్తే దాన్ని తోసేయరు, కాబట్టి టెస్సర్ డెర్క్‌సెన్ లాంటి పేర్లు చూసి భయపడక్కర్లేదు. నామినేషన్లు పోలింగుకు 21 రోజుల ముందు మధ్యాహ్నం 2 గంటలకు ముగుస్తాయి. ఖరారైన జాబితా ఆ తర్వాతే వస్తుంది. అది చేతిలో పెట్టుకుని పేరు రాయడం మంచిది.

ఆ కాగితాన్ని మడిచి లోపలి కవరులో పెట్టాలి. లోపలి కవరు మీద ఏమీ రాయకూడదు. దాన్ని బయటి కవరులో పెట్టి అంటించి, బయటి కవరు మీద సంతకం, తేదీ వేయాలి. ఎక్కువగా మరిచిపోయేది ఈ సంతకమే. సంతకం లేని కవరును తెరవకుండా పక్కన పెట్టేస్తారు. లోపల ఎవరికి వేశారన్నది ఎవరూ చూడరు. భార్యాభర్తలు ఒకే బల్ల మీద ఇద్దరి కవర్లూ నింపుతున్నప్పుడు ఒకరి కాగితం ఇంకొకరి కవరులోకి పోయే అవకాశం ఉంది. అందుకే ఒకరిది అంటించాకే రెండోది తెరవమని చెప్పాలి.

గడువులు ఇంకా కఠినం. ప్రత్యేక బ్యాలెట్‌కు దరఖాస్తు పోలింగుకు ముందు మంగళవారం సాయంత్రం 6 గంటలలోపు చేరాలి. 2025లో అది ఏప్రిల్ 22. ఓటు నింపిన కవరు పోలింగ్ రోజుకల్లా అందాలి, తర్వాత అందితే లెక్కించరు. పోస్టు ముద్ర మీది తేదీ పనికిరాదు. ఒకసారి ప్రత్యేక బ్యాలెట్ అడిగాక మనసు మార్చుకుని మామూలు బూత్‌కు వెళ్లి వేస్తామంటే కుదరదు. చివరి వారంలో కిట్ చేతికొచ్చినవాళ్లు దాన్ని పోస్టు డబ్బాలో వేయకుండా, ఫెడరల్ ఎన్నికలు నిర్వహించే ఎలక్షన్స్ కెనడా స్థానిక కార్యాలయంలో నేరుగా ఇచ్చి రావాలన్నది మా గట్టి సలహా. టెర్‌బాన్ తర్వాత ఈ మాట ఎంత చెప్పినా తక్కువే.

ఎన్నికల మధ్యలో ఇండియా వెళ్లేవాళ్లకు అన్నిటికన్నా మంచి దారి వేరే ఉంది. టికెట్ తేదీకి ముందు గుర్తింపు కాగితాలతో స్థానిక కార్యాలయానికి వెళ్లి అక్కడికక్కడే ప్రత్యేక బ్యాలెట్ మీద పేరు రాసి వచ్చేయడం. పోస్టు ఊసే ఉండదు. కెనడా పౌరసత్వం ఉండి హైదరాబాద్‌లోనో విశాఖలోనో స్థిరపడ్డ పెద్దలకూ ఓటుంది. గతంలో ఉన్న అయిదేళ్ల పరిమితిని చట్టమే ఎత్తేసింది. వాళ్లు విదేశీ ఓటర్ల జాబితాలో పేరు ముందే నమోదు చేసుకోవాలి. కెనడాలో చివరిగా ఉన్న చిరునామా ఏ నియోజకవర్గంలో ఉంటే ఓటు అక్కడికే వెళ్తుంది. అది మిల్టన్ అయితే ఇక్కడి 21లో ఒకటి. వాళ్ల కవరు పోలింగ్ రోజు తూర్పు కాలమానం ప్రకారం సాయంత్రం 6 గంటలకల్లా ఒట్టావా చేరాలి. ప్రచార కాలం అయిదు నుంచి ఏడు వారాలే కాబట్టి, నమోదు ముందే అయిపోయి ఉండాలి. నింపిన కవరు కొరియర్‌లో పంపాలి.

రెండో కారణం ఇళ్లు మారడం. మిల్టన్‌లో, బ్రాంప్టన్‌లో మనవాళ్లు బేస్‌మెంట్ అద్దె నుంచి టౌన్‌హౌస్‌కు, అక్కడి నుంచి కొత్త సబ్‌డివిజన్‌కు మారుతూనే ఉంటారు. లైసెన్సు మీద పాత చిరునామా, కరెంటు బిల్లు మీద కొత్తది, ఓటరు సమాచార కార్డు ఇంకెక్కడికో. పైగా 2025 ఎన్నిక కొత్త సరిహద్దులతో జరిగింది. సీట్లు 338 నుంచి 343కు పెరిగాయి, పాత మిల్టన్ నియోజకవర్గం విడిపోయి తూర్పు భాగం హాల్టన్ హిల్స్ దక్షిణంతో, పడమటి భాగం బర్లింగ్టన్ ఉత్తరంతో కలిసింది. ఒకే పట్టణంలో ఒక వీధి ఇవతల ఒక ఎంపీ, అవతల ఇంకొక ఎంపీ. ఒకప్పుడు ఎక్కడ ఓటేశామో గుర్తు పెట్టుకుని అక్కడికే వెళ్తే వెనక్కి రావాల్సిందే.

దీనికి మందు ఏటా ఏప్రిల్‌లో మన చేతిలోనే ఉంటుంది. పన్ను రిటర్నులో రెండు ప్రశ్నలుంటాయి: మీరు కెనడా పౌరులా, మీ పేరు, చిరునామా, పుట్టినతేదీ ఎలక్షన్స్ కెనడాకు ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని. పౌరులు రెండింటికీ అవునంటే ఓటరు జాబితాలో చిరునామా దానంతటదే మారుతుంది. పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద ఉన్నవాళ్లు మొదటిదానికి కాదనే చెప్పాలి. తొందరలో అవునని పెడితే పేరు జాబితాలోకి ఎక్కే ప్రమాదం ఉంది. ఓటు హక్కు లేదని తెలిసీ ఓటేయడం నేరం; రేపు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే మనిషి అలాంటి చిక్కులో పడకూడదు. మీ సంఘాల్లో పన్ను రిటర్నులు నింపిపెట్టే అకౌంటెంట్లు ఉన్నారు. ఈ రెండు గళ్ల గురించి వాళ్లతో ఒక్కమాట చెప్పించడం ఎంత పని? 14 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం భావి ఓటర్ల జాబితా కూడా ఉంది. తెలుగు బడికి వచ్చే పెద్ద తరగతుల పిల్లల చేత నమోదు చేయించండి, 18 నిండిన రోజున పేరు అసలు జాబితాలోకి వెళ్లిపోతుంది.

ఇక బూత్ దగ్గర గుర్తింపు. ఫొటో, పేరు, ఇప్పటి చిరునామా మూడూ ఉన్న ప్రభుత్వ కార్డు ఒక్కటి చాలు. డ్రైవింగ్ లైసెన్సు గానీ ఒంటారియో ఫొటో కార్డు గానీ. పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకెళ్తే సరిపోదు. అందులో చిరునామా మనం చేత్తో రాసుకున్నదే, అది లెక్కలోకి రాదు. లైసెన్సు లేనివాళ్లు రెండు కాగితాలు తేవాలి. రెండింటి మీదా పేరు, కనీసం ఒకదాని మీద చిరునామా ఉండాలి. పాస్‌పోర్టుతో బ్యాంకు స్టేట్‌మెంటు, హెల్త్ కార్డుతో ఓటరు సమాచార కార్డు, ఇలా. బిల్లు ఈమెయిల్‌లో వచ్చేదైతే ప్రింటు తీసినా ఫోన్లో చూపించినా ఒప్పుకుంటారు. గడువు దాటిన కార్డు కూడా చెల్లుతుంది, చిరునామా సరైనదైతే. మన పేర్ల సంగతి ఇక్కడే చిక్కు తెస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, కరెంటు బిల్లులో పొట్టి అక్షరం, ఓటరు కార్డు మీద సగం కత్తిరించిన పేరు. రెండు కాగితాలు ఒకే మనిషివని ఎదురుగా కూర్చున్న సిబ్బందికి తేలిగ్గా తెలియాలి. ఇంటి దగ్గరే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, ఎక్కువగా కలిసే జతను తీసుకెళ్లాలి.

మేం ఎక్కువసేపు చెప్పదలచుకున్నది అమ్మానాన్నల గురించి. పిల్లల దగ్గరికి వచ్చి, పౌరసత్వం తీసుకున్న పెద్దవాళ్లకు లైసెన్సు ఉండదు, ఇంటి బిల్లులన్నీ కొడుకు పేరునో కోడలి పేరునో ఉంటాయి. బూత్ దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయే ప్రమాదం అందరికన్నా వీళ్లకే ఎక్కువ. వీళ్ల పేరు మీద ఇంటికి వచ్చే కాగితం ఏదో ఒకటి ఉంటుంది: ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ స్టేట్‌మెంటు, పన్ను అసెస్‌మెంట్ నోటీసు, బ్యాంకు ఉమ్మడి ఖాతా స్టేట్‌మెంటు. దానికి హెల్త్ కార్డు జత చేస్తే పని అయిపోతుంది. ఏదీ దొరక్కపోతే మూడో దారి ఉంది: వాళ్లు తమ పేరు, చిరునామా రాతపూర్వకంగా ప్రకటించాలి, వాళ్లను ఎరిగిన ఒక ఓటరు హామీ ఇవ్వాలి. హామీ ఇచ్చే మనిషి పేరు అదే పోలింగ్ స్టేషన్‌లో ఉండాలి, తన గుర్తింపు తను చూపగలగాలి. ఒక మనిషి ఒక్కరికే హామీ ఇవ్వగలరు. కాబట్టి కొడుకు ఒక్కడే వెళ్లి అమ్మకూ నాన్నకూ ఇస్తానంటే కుదరదు. నాన్నకు కొడుకు, అమ్మకు కోడలు ఇవ్వాలి. కోడలు ఇంకా పీఆర్ మీద ఉంటే ఆ దారి మూసుకుపోతుంది, అప్పుడు అదే బూత్ పరిధిలో ఉండే పక్కింటి స్నేహితుణ్ణి ముందే అడిగి పెట్టుకోవాలి. హామీ పొందిన మనిషి మళ్లీ ఇంకొకరికి హామీ ఇవ్వలేరు.

చూపు సరిగా లేనివాళ్లకు, చేతులు వణికేవాళ్లకు, చదవడం రానివాళ్లకు బూత్ లోపల సాయం దొరుకుతుంది. కుటుంబసభ్యుడు తెర వెనక్కి వెళ్లి గుర్తు పెట్టడంలో సాయపడవచ్చు, రహస్యం కాపాడతానని ముందు ప్రమాణం చేయాలి. ఎవరికి వేయాలన్నది అమ్మ చెప్పాలి, కొడుకు కాదు. ఈ మాట సంఘం పెద్దలు చెబితే వినిపించుకుంటారు.

పనికి వెళ్లేవాళ్ల సంగతి. ఒంటారియోలో బూత్‌లు ఉదయం 9:30 నుంచి రాత్రి 9:30 వరకు తెరిచి ఉంటాయి. ఆ వేళల్లో ప్రతి ఓటరుకూ వరసగా మూడు గంటలు ఖాళీ ఉండాలని చట్టం. గోడౌన్‌లో షిఫ్టు 11 నుంచి రాత్రి 8 దాకా అనుకోండి. ముందు గంటన్నర, వెనక గంటన్నర మాత్రమే మిగులుతాయి. అప్పుడు యజమాని పన్నెండున్నరకు రానివ్వడమో ఆరున్నరకు పంపేయడమో చేయాలి, ఆ సమయానికి జీతం కోయకూడదు. ముందో వెనకో అన్నది యజమాని ఇష్టం. ఊరు దాటి తిరిగే ట్రక్కు డ్రైవర్లకు ఈ హక్కు ఉండకపోవచ్చు కాబట్టి వాళ్లు ముందస్తు పోలింగ్ వాడుకోవాలి. అది పోలింగుకు ముందు పదో రోజు శుక్రవారం మొదలై సోమవారం దాకా నాలుగు రోజులు, ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు ఉంటుంది. 2025లో దేశం మొత్తం మీద దాదాపు 73 లక్షల మంది ముందస్తుగానే వేశారు.

ఇప్పుడు కార్యవర్గాలకే నేరుగా చెప్పాల్సిన మాటలు.

గుడి గానీ సంఘం గానీ రిజిస్టర్డ్ చారిటీ అయితే, ఏ పార్టీకి గానీ ఏ అభ్యర్థికి గానీ ప్రత్యక్షంగానో పరోక్షంగానో మద్దతివ్వడం, వ్యతిరేకించడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. విధానాల మీద ఎంతైనా మాట్లాడవచ్చు. మనిషి పేరెత్తి ఫలానావారికి వేయండి అనకూడదు. అర్చనకు వచ్చిన ఒక్క అభ్యర్థిని వేదిక ఎక్కించి పరిచయం చేసి, పోటీలో ఉన్న మిగతావాళ్లను పిలవకపోతే అది పరోక్ష మద్దతు కాదని వాదించడం కష్టం. చారిటీ హోదా పోతే నష్టపోయేది గుడి. చారిటీ కాని సంఘాలకూ హద్దులున్నాయి. ఫెడరల్ ఎన్నికల్లో విరాళం ఇచ్చే హక్కు వ్యక్తులది మాత్రమే, అదీ పౌరులకు, పీఆర్ ఉన్నవాళ్లకు. కంపెనీ, యూనియన్, సంఘం ఏదీ ఇవ్వకూడదు. హాలు ఒక్క అభ్యర్థికి ఉచితంగా ఇస్తే దాని మామూలు అద్దె ఎంతో అంత విరాళం ఇచ్చినట్టే లెక్క. ఎన్నికల కాలంలో సంఘం ఒకరికి అనుకూలంగా కరపత్రాలకో ప్రకటనలకో 500 డాలర్లు ఖర్చు చేసిందంటే థర్డ్ పార్టీగా, అంటే పార్టీ గానీ అభ్యర్థి గానీ కాని ప్రచారకర్తగా నమోదు కావాలి, ఫైనాన్షియల్ ఏజెంట్‌ను పెట్టాలి, లెక్కలు అప్పజెప్పాలి. 500 డాలర్లు ఒక్క ప్రింటింగ్ బిల్లుకే సరిపోతాయి.

వ్యక్తిగత విరాళాలకు 2025లో పరిమితి పార్టీకి 1,750 డాలర్లు, ఆ పార్టీ అభ్యర్థులకూ స్థానిక శాఖలకూ కలిపి ఇంకో 1,750. ఏటా జనవరి 1న 25 డాలర్లు పెరుగుతుంది. నగదు 20 డాలర్లకు మించకూడదు. 400 డాలర్లు ఇస్తే 300 పన్నులో వెనక్కి వస్తాయి కాబట్టి రసీదు పోగొట్టుకోకండి. విందు టికెట్ల దగ్గర జాగ్రత్త: ఒకరు టేబుల్ మొత్తానికి కట్టి పదిమంది పేర్లు రాయించడం, లేదా వ్యాపారం ఖాతా నుంచి కట్టి తర్వాత సర్దుకోవడం ఇంకొకరి డబ్బు తన పేరున ఇచ్చినట్టు అవుతుంది. అది నేరం. అడిగేవాళ్లు మనకు తెలిసినవాళ్లే కావచ్చు, నియమం మారదు.

పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఆ పార్టీ సభ్యులు తేల్చే నామినేషన్ పోటీల గురించి క్లుప్తంగా. శివారు నియోజకవర్గాల్లో అసలు పోటీ చాలాసార్లు పార్టీ లోపలే ముగుస్తుంది. 14 ఏళ్లు నిండినవాళ్లు సభ్యులు కావచ్చు, పార్టీల నియమాలు వేరువేరు. జస్టిస్ మరీ-జోసే హోగ్ కమిషన్ 2024 మే నివేదికలో ఈ పోటీలు విదేశీ జోక్యానికి దారి కాగలవని చెప్పింది. కాబట్టి సంఘం సభ్యుల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ల జాబితాను ఏ అభ్యర్థి బృందానికీ ఇవ్వకూడదు. ఇవ్వబోమని తీర్మానం చేసి మినిట్స్‌లో రాయండి. పండుగ కోసం ఇచ్చిన నంబరుకు ప్రచారం ఫోన్ రావడం సభ్యుడి నమ్మకాన్ని అమ్మేయడమే.

మరి సంఘం ఏం చేయాలి? అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టండి. దీనికి తేదీ దొరకడమే కష్టం. 2025లో మార్చి 23న ఎన్నిక ప్రకటించారు, ఏప్రిల్ 7న నామినేషన్లు ముగిశాయి, 18న ముందస్తు పోలింగ్ మొదలైంది. ఈ రెంటి మధ్య ఉన్నది ఒకే ఒక్క వారాంతం, ఏప్రిల్ 12, 13. మనవాళ్లలో ఎంతోమంది ముందస్తుగా వేస్తారు కాబట్టి సభ దాని తర్వాత పెడితే వృథా. ప్రకటన వెలువడిన రోజే క్యాలెండర్ తీసి ఆ వారాంతానికి హాలు పట్టుకోవాలి. ఆ ప్రచార కాలంలోనే మార్చి 30న ఉగాది, ఏప్రిల్ 6న శ్రీరామనవమి వచ్చాయి. సంఘాల చేతులు అప్పటికే నిండి ఉంటాయని తెలుసు, అందుకే ఈ పనికి పండుగ కమిటీతో సంబంధం లేని నలుగురిని వేరే పెట్టండి.

ఆహ్వానం అందరికీ ఒకే రోజు, ఒకే మాటలతో వెళ్లాలి. ఎవరు రాకపోయినా కుర్చీ, పేరు పలక ఉంచండి. అందరికీ సమాన సమయం, గడియారం సభకు కనిపించాలి. ప్రశ్నలు ముందే చీటీల మీద తీసుకుని, ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉన్నవే అడగండి. బడి, ఆసుపత్రి ప్రొవిన్స్‌వి, చెత్త బండి, వీధి మంచు పట్టణానివి. అమ్మానాన్నల స్పాన్సర్‌షిప్, అయిదేళ్లదాకా ఉండనిచ్చే సూపర్ వీసా, దానికి కావాల్సిన లక్ష డాలర్ల ఆరోగ్య బీమా ఫెడరల్. మిల్టన్‌లో సీఎన్ రైల్వే కంటైనర్ హబ్‌ను 2021లో షరతులతో ఆమోదించింది ఫెడరల్ ప్రభుత్వమే. హాల్టన్ రీజియన్, పట్టణాలు దానిమీద కోర్టుకెళ్లాయి. రోజుకు 800 ట్రక్కులు, వాటి పొగ గురించి అడగాల్సింది ఎంపీ కాదలచినవాళ్లనే. మిల్టన్ గో రైలు పనిదినాల్లో ఉదయం టొరంటోకు, సాయంత్రం ఇటు మాత్రమే నడవడానికి పెద్ద కారణం ఆ పట్టాలు సరుకు రవాణా చేసే సీపీకేసీ కంపెనీవి కావడం. రైల్వేల నియంత్రణ ఒట్టావా చేతిలో ఉంది. ఇలాంటి ప్రశ్నకు వచ్చే జవాబులోనే అభ్యర్థికి నియోజకవర్గం ఎంత తెలుసో తేలుతుంది.

రెండో పని, పండుగ రోజున హాలు గుమ్మం దగ్గర ఒక బల్ల. రెండు ల్యాప్‌టాప్‌లు, తెలుగులో ఒక పేజీ సూచనలు, ఇద్దరు వలంటీర్లు. సభ్యుడు ఎలక్షన్స్ కెనడా సైట్‌లో తన నమోదు తనే సరిచూసుకోవాలి. వలంటీరు పక్కన నిలబడి దారి చూపాలే గానీ ఎవరి వివరాలూ రాసి పెట్టుకోకూడదు, ఎవరికి వేస్తారని అడగకూడదు. వలంటీర్లు ఆ రోజు పార్టీ బ్యాడ్జీ పెట్టుకోకూడదు. ఆన్‌లైన్ సవరణ కూడా పోలింగుకు ముందు మంగళవారం సాయంత్రం 6 గంటలతో ఆగిపోతుంది. తర్వాత బూత్ దగ్గరే నమోదు చేసుకోవచ్చు గానీ వరస పెద్దది. బూత్ మారిందని ఫోన్ వచ్చినా, వాట్సాప్‌లో తేదీ మారిందని చక్కర్లు కొట్టినా నమ్మకుండా 1-800-463-6868కు ఫోన్ చేయమని ఆ పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి. 2011లో మన పక్కనే ఉన్న గ్వెల్ఫ్‌లో బూత్ మారిందంటూ వచ్చిన దొంగ రికార్డు ఫోన్లు నమ్మి ఓటర్లు తప్పు చోటికి వెళ్లారు. ఆ కేసులో ఒకరికి శిక్ష కూడా పడింది.

మూడోది, బూత్‌లలో పనిచేసే సిబ్బందిలో మనవాళ్లు ఉండాలి. పౌరులై, 16 ఏళ్లు నిండిన విద్యార్థులను కూడా తీసుకునే వీలుంది, జీతం ఇస్తారు, శిక్షణ ఇస్తారు. తెలుగు వచ్చిన మనిషి బల్ల వెనక ఉంటే, పేరు తలకిందులైన ఒక పెద్దాయన సమస్య నిమిషంలో తేలిపోతుంది. దరఖాస్తు ఎన్నిక ప్రకటించాక పెడితే ఆలస్యం అవుతుంది, ఇప్పుడే పెట్టించండి.

నిర్ణీత తేదీ ప్రకారం వచ్చే ఫెడరల్ ఎన్నిక 2029 అక్టోబరు 15. అది దసరా నవరాత్రుల్లో పడుతుంది. ముందస్తు పోలింగ్ అక్టోబరు 5 నుంచి 8 వరకు, అంటే బతుకమ్మ మొదలయ్యే రోజులు, థాంక్స్‌గివింగ్ సెలవులు ఒకేసారి. అంతకన్నా ముందే ఎన్నిక రావచ్చు కూడా. కాబట్టి మీ తర్వాతి సర్వసభ్య సమావేశంలోనే మూడు తీర్మానాలు పెట్టండి: ఎన్నికల కాలంలో పండుగ వేదిక మీద ఒక్క అభ్యర్థినీ విడిగా పిలవబోమని, సభ్యుల జాబితా ఎవరికీ ఇవ్వబోమని, అభ్యర్థుల ఉమ్మడి సభకూ ఓటరు బల్లకూ నలుగురు సభ్యుల కమిటీని వేస్తున్నామని. ఆ కమిటీకి కావాల్సిన తెలుగు సూచనల పేజీని, గుర్తింపు కాగితాల జతల పట్టికను, ఉమ్మడి సభ ఆహ్వానం నమూనాను మేం రాసి ఇస్తాం. ఏ సంఘం అడిగినా, ఏ పార్టీవాళ్లు కార్యవర్గంలో ఉన్నా, అందరికీ అదే కాగితం ఇస్తాం.

ఇట్లు,
మిల్టన్, హాల్టన్ హిల్స్ ప్రాంతంలోని కొందరు తెలుగు ఓటర్లు